ఫైళ్ల శాశ్వత చెరిపివేత: పావగడ తాలూకా నుంచి ఒక పరిశీలన

ఫైళ్ల శాశ్వత చెరిపివేత అంటే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో దాచిన సమాచారాన్ని ఏ పనిముట్టుతోనూ తిరిగి రాబట్టడానికి వీల్లేకుండా చేయడం. తొలగింపు వేరు, చెరిపివేత వేరు. డిలీట్ నొక్కితే జరిగేది తొలగింపు మాత్రమే. ఫైలు కంటికి కనిపించదు, కానీ డిస్కు మీద చాలాకాలం అలాగే ఉండిపోతుంది. ఈ తేడా తెలియక నష్టపోయేవాళ్లలో సొంత కంప్యూటర్ లేనివాళ్లు కూడా ఉంటారు. తమ కాగితాలను ఇంకొకరి కంప్యూటర్‌లో పెట్టి పని జరిపించుకోవలసినవాళ్లు. అందుకే ఈ విషయాన్ని ఒక సరిహద్దు తాలూకా నుంచి చూడటం మేలు.

కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇళ్లలో మాట తెలుగు, ఆఫీసు కాగితం కన్నడ. భూమి పత్రాల కంప్యూటరీకరణలో దేశానికి దారి చూపిన రాష్ట్రం కర్ణాటక. 'భూమి' పథకం కింద 2001 నాటికి సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన రెండు కోట్ల పహాణీలు, అంటే భూమి హక్కు, సాగు వివరాల పత్రాలు, కంప్యూటర్లకెక్కాయి. ఆ తర్వాత చేత్తో రాసిన పహాణీకి చెల్లుబాటు పోయింది. తాలూకాలోని ఒక రెవెన్యూ విభాగమైన నాగలమడికె హోబళిలో తిరుమణి, బలసముద్రం, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు ఊళ్ల పొలాల్లో దాదాపు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు లేచింది. భూమిని కొనకుండా, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టి రైతుల దగ్గరే తీసుకున్నారు. కౌలు ఒప్పందం కావాలన్నా, పంట బీమా కావాలన్నా, పింఛను కావాలన్నా అడిగేవి అవే: పహాణీ, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు. సొంతంగా వాటిని తీసుకోలేని మనిషి సైబర్ సెంటరుకో జెరాక్స్ అంగడికో వెళ్తాడు. కాగితం చేతికొస్తుంది. ఫైలు మాత్రం అంగడి కంప్యూటర్‌లో ఉండిపోతుంది.

బెంగళూరు నుంచి వచ్చిన ఒక సూచన

2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక పత్రికా ప్రకటన ఇచ్చింది. ఇంటర్నెట్ కేంద్రాల్లోని కంప్యూటర్లలో ఇ-ఆధార్ దింపుకోవద్దని, ఒకవేళ దింపుకుంటే ఆ కంప్యూటర్ నుంచి నకళ్లన్నిటినీ శాశ్వతంగా తొలగించేలా చూసుకోవాలని అందులో ఉంది. నకళ్లు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దని, చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ వాడమని కూడా చెప్పింది. దేశమంతా కలవరం రేగింది. అప్పటికే హోటళ్లలో, సిమ్ కార్డు అంగళ్లలో లెక్కలేనన్ని నకళ్లు ఇచ్చేసిన జనం ఏం చేయాలో తెలియక అడిగారు. రెండు రోజులకే, మే 29న, ఆ ప్రకటన తప్పుడు అర్థానికి దారితీయవచ్చంటూ కేంద్ర ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. మామూలు జాగ్రత్త చాలని చెప్పింది.

ప్రకటన పోయింది గానీ అందులోని ప్రశ్న పోలేదు. అంగడిలో కౌంటరుకు ఇవతల నిలబడ్డ రైతు, అవతలి కంప్యూటర్‌లోని ఫైలును 'శాశ్వతంగా' ఎలా తీసేయగలడు? కీబోర్డు తన చేతిలో ఉండదు. ఉన్నా, ఆ కంప్యూటర్ తెర మీద చూపే ఏ మీటా ఆ పని పూర్తిగా చేయదు. ఇ-ఆధార్ ఫైలుకు తాళం ఉన్న మాట నిజమే. కానీ ఆ తాళం పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఫైలు పక్కనే అదే మనిషి ఇతర ధ్రువపత్రాల స్కానులు కూడా పడివుంటే, ఆ తాళం తీయడానికి ఒక నిమిషం పట్టదు.

డిలీట్ నొక్కితే జరిగేది

పహాణీ తెలిసినవారికి ఇది చెప్పడం తేలిక. పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన చేను మాయం కాదు, అందులోని పైరు ఎండదు. ఆ సర్వే నంబరు ఎవరిదన్న రాత మాత్రమే మారుతుంది. డిస్కులో కూడా ఫైళ్లకు ఒక పట్టిక ఉంటుంది. ఏ ఫైలు పేరు ఏమిటి, ఏయే గళ్లలో ఉంది అన్నది అందులో రాసి ఉంటుంది. పెన్ డ్రైవుల్లో ఎక్కువగా కనిపించే ఫ్యాట్ పద్ధతిలో, ఫైలును తొలగిస్తే పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడుతుంది, అది ఆక్రమించిన గళ్లు ఖాళీ అని నమోదవుతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో పట్టికలోని ఆ వరుస 'వాడుకలో లేదు' అని మారుతుంది. గళ్లలోని అసలు సరుకు కదలదు. దాని మీద మరో ఫైలు వచ్చి పడేవరకు, అంటే ఆ చేను మళ్లీ దున్ని మరొకటి విత్తేవరకు, పాత పంట నిలిచే ఉంటుంది.

1995లో విండోస్ 95తో వచ్చిన రీసైకిల్ బిన్ ఇంకో మెట్టు మాత్రమే. బిన్‌లో పడిన ఫైలును నేటి విండోస్ రెండుగా దాస్తుంది. ఒకదానిలో సరుకు, రెండోదానిలో ఆ ఫైలు పాత పేరు, పాత చోటు, తొలగించిన సమయం. అంటే తొలగించే చర్యే కొత్త ఆధారాన్ని పుట్టిస్తుంది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే బిన్ తప్పుతుందే తప్ప డిస్కు మీది సరుకు తప్పదు. క్విక్ ఫార్మాట్ చేసేదీ ఇంతే, కొత్త పట్టిక ఒకటి రాయడం. పూర్తి ఫార్మాట్ అయితే విండోస్ విస్టా నాటి నుంచి డిస్కంతటా సున్నాలు రాస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా అమ్మకానికి పెట్టే ముందు కంప్యూటర్‌ను ఫార్మాట్ కొట్టించేవాళ్లకు కచ్చితంగా తెలియాలి. ఐదు నిమిషాల్లో అయిపోయిందంటే అది క్విక్ ఫార్మాటే.

పోయిన ఫైలును తిరిగి తెచ్చే విద్య చాలా పాతది. 1982లో పీటర్ నార్టన్ ఐబీఎం పీసీల కోసం తెచ్చిన నార్టన్ యుటిలిటీస్‌కు పేరు తెచ్చింది తొలగించిన ఫైలును మళ్లీ నిలబెట్టే పనిముట్టే. పట్టిక మొత్తం చెడిపోయినా ఇంకో దారి ఉంది. వేరుశనగ పెరికిన చేలో మట్టిలో మిగిలిన కాయలను పరిగె ఏరుకున్నట్టు, డిస్కును మొదటి గడి నుంచి చివరి గడి వరకు జల్లెడ పట్టడం. ప్రతి రకం ఫైలు ఒక నిర్దిష్టమైన గుర్తుతో మొదలవుతుంది. ఫొటోకు ఒకటి, పీడీఎఫ్‌కు ఒకటి. ఆ గుర్తు కనిపించిన చోట తవ్వితే ఫైలు దొరుకుతుంది. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, చేసేవాడికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఒక్క ఫైలు, ఎన్నో జాడలు

ఒక రైతు వాట్సాప్‌లో తన ఆధార్ పంపి, అంగడిలో ప్రింటు తీయించుకున్నాడనుకుందాం. అంగడి కంప్యూటర్‌లో ఆ ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డరులో చేరింది. బ్రౌజర్ దింపిన ఫైళ్ల జాబితాలో దాని పేరెక్కింది. తెరవగానే ఇటీవలి ఫైళ్ల పట్టికలో ఒక సత్వరమార్గం తయారైంది. ఫొటో అయితే దాని బుల్లి నమూనా థంబ్‌నెయిల్ గిడ్డంగిలో దాగింది. అసలు ఫొటో పోయినా ఆ చిన్న బొమ్మ నిలిచే ఉంటుంది. ప్రింటుకు పంపగానే పేజీ రూపం స్పూల్ ఫోల్డరులో తాత్కాలికంగా పడింది. ప్రింటు అయ్యాక అది తొలగిపోతుంది, కానీ ముందు చెప్పినట్టు తొలగడమంటే చెరగడం కాదు. మెమరీ చాలనప్పుడు కంప్యూటర్ వాడుకునే పేజ్ ఫైలులో ముక్కలు ముక్కలుగా మిగలవచ్చు. హైబర్నేట్ చేస్తే ఆ క్షణంలో మెమరీలో ఉన్నదంతా డిస్కుకు దిగుతుంది. సిస్టమ్ రిస్టోర్ పనిచేస్తుంటే నీడ ప్రతి ఒకటి పడి ఉండవచ్చు. డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌తోనో గూగుల్ డ్రైవ్‌తోనో ముడిపడి ఉంటే ఆ ఆధార్ పావగడలోనే ఆగదు, దాని నకలు ఏ దేశంలోని సర్వరుకో చేరిపోతుంది.

కాబట్టి ఫైలును మాత్రమే గట్టిగా తుడిచి ఊరుకుంటే లాభం తక్కువ. ఒకే ఫైలు మీద దృష్టి పెట్టే 'ష్రెడర్' సాఫ్ట్‌వేర్లను నమ్మి నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ జాబితాను ఒకసారి చూడాలి. జాడలు ఎన్ని చోట్ల పడతాయో వినియోగదారుకు తెలియదు కనుక, మొత్తం డిస్కును ఒకే దెబ్బకు కాపాడే పద్ధతి ఒక్కటే ఆధారపడదగింది. దాని సంగతి కింద వస్తుంది.

ఎన్నిసార్లు తుడవాలి? హైదరాబాద్‌లో వినిపించిన జవాబు

తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్కులో సరుకు మీద వేరే సరుకు రాయడమే చెరపడం. ఎన్నిసార్లు రాయాలన్న దాని మీద చాలా ఏళ్లు వాదన నడిచింది. 1996లో న్యూజిలాండ్ పరిశోధకుడు పీటర్ గుట్‌మన్ ప్రచురించిన పత్రంలో 35 విడతల పద్ధతి ఉంది. అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ సరిపోయేలా కూర్చిన జాబితా అది. కొత్త డిస్కులకు 35 విడతలు అర్థం లేనివని ఆయనే తర్వాత రాశారు. అమెరికా రక్షణ శాఖ పేరు మీద మూడు విడతల పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఈ అంకెలను చూపించి సాఫ్ట్‌వేర్ అమ్ముకున్నవారికి లోటు లేదు.

ఈ వాదనకు దాదాపు ముగింపు పలికిన పత్రం మన గడ్డ మీదే వినిపించింది. 2008 డిసెంబరులో హైదరాబాద్‌లో జరిగిన సమాచార వ్యవస్థల భద్రత అంతర్జాతీయ సదస్సు సంపుటిలో క్రెయిగ్ రైట్, డేవ్ క్లైమన్, శ్యామ్ సుందర్‌ల పరిశోధన అచ్చయింది. డిస్కు పళ్లేలను సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఒక్కసారి మీద రాసినా ఒక్కో బిట్‌ను తిరిగి ఊహించడం బొమ్మా బొరుసా వేసినదానికన్నా పెద్దగా మెరుగు కాదని వారు చూపారు. ఒక బిట్ విషయంలోనే ఇలాగుంటే, వరసగా వేల బిట్లు సరిగా పడితే గానీ తయారుకాని ఫైలు సంగతి చెప్పనక్కర్లేదు. పళ్లెం ఉన్న డిస్కు మొత్తాన్ని ఒక్కసారి సున్నాలతో నింపితే చాలు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2014 డిసెంబరులో సవరించిన మార్గదర్శకం కూడా ఈ దారిలోనే ఉంది. అది పనిని మూడు అంచెలుగా విడదీసింది. మామూలు పనిముట్లకు దొరక్కుండా తుడవడం, ప్రయోగశాలకు కూడా దొరక్కుండా కడగడం, వస్తువునే నాశనం చేయడం.

అయితే చేయాల్సినవారు ఆ ఒక్కసారి కూడా చేయడం లేదన్నది అసలు బాధ. 2000 నుంచి 2002 వరకు ఎంఐటీ పరిశోధకులు సిమ్‌సన్ గార్ఫింకెల్, అభి షెలత్ 158 పాత డిస్కులు కొని చూశారు. పనిచేసిన 129లో సరిగా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో వేల క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య సమాచారం, సొంత ఉత్తరాలు బయటపడ్డాయి.

ఎస్‌ఎస్‌డీలు, ఫోన్లు

కొత్త కంప్యూటర్లలోని ఎస్‌ఎస్‌డీకి, అంటే తిరిగే పళ్లెం లేకుండా మెమరీ చిప్పుల్లో సమాచారం దాచే డ్రైవుకు, పాత సూత్రం పనికిరాదు. దానిలోని మెమరీ గళ్లు కొన్ని వేలసార్లు రాస్తే అరిగిపోతాయి. అరుగుదలను సమానంగా పంచడానికి లోపలి కంట్రోలరు ప్రతిసారీ కొత్త చోట రాస్తుంది. పాత ఫైలు మీద రాస్తున్నామని మనం అనుకుంటాం, అది మరో గడిలో రాస్తుంది. పాతది పక్కన ఉండిపోతుంది. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం దీన్ని పరీక్షించింది. ఒక్కో ఫైలు మీద వేరే సరుకు రాసి చెరిపే పద్ధతుల్లో ఏదీ సరిగా పనిచేయలేదు. తయారీదారులు డ్రైవులోనే పెట్టిన చెరిపివేత ఆదేశం కూడా కొన్నింటిలో తప్పుగా అమలైంది. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల, తొలగించిన ఫైళ్ల గళ్లను ఎస్‌ఎస్‌డీ తనంతట తనే తర్వాత ఖాళీ చేసుకుంటుంది. అది చాలా సందర్భాల్లో మేలు చేస్తుంది, కానీ ఎప్పుడు చేస్తుందో మన చేతిలో ఉండదు.

ఇక్కడే ఎన్‌క్రిప్షన్ అక్కరకొస్తుంది. మొదటి రోజే డిస్కంతటినీ రహస్య లిపిలోకి మార్చి ఉంచితే, చెరపాల్సింది లక్షల గళ్లను కాదు, ఒక చిన్న తాళం చెవిని. చెవి పోతే మిగిలిన సరుకంతా అర్థం లేని అక్షరాల కుప్ప. థంబ్‌నెయిల్, పేజ్ ఫైలు, నీడ ప్రతి అన్నీ ఆ కుప్పలో భాగమే. పైన చెప్పిన ఆధారపడదగిన పద్ధతి ఇదే. 2014లో అవాస్ట్ అనే భద్రతా సంస్థ పాత ఆండ్రాయిడ్ ఫోన్లు 20 కొని 40,000కు పైగా ఫొటోలు బయటికి తీసింది. అప్పటి ఫోన్లలో ఎన్‌క్రిప్షన్ సాధారణంగా ఉండేది కాదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో అది కొత్త ఫోన్లన్నిటికీ తప్పనిసరైంది. అలాంటి ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళం చెవి పోతుంది. పాత ఫోను అయితే ముందు సెట్టింగుల్లో ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాత రీసెట్ చేయడం మంచిది.

జెరాక్స్ యంత్రం, విరిగిన డిస్కు

పెద్ద జెరాక్స్ యంత్రాల్లో చాలావాటికి హార్డ్ డిస్కు ఉంటుందని ఎవరికీ తోచదు. అమెరికాలో ఒక ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తెచ్చిన జెరాక్స్ యంత్రాలను తుడవకుండా తిరిగి ఇచ్చేసింది. 2010లో సీబీఎస్ టీవీ విలేకరులు అలా బయటికొచ్చిన ఒక యంత్రాన్ని కొని, రోగుల వివరాలు వెలికితీశారు. 2013లో ఆ సంస్థ 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించుకుంది. సెకండ్ హ్యాండ్ యంత్రం కొనే, అమ్మే అంగడివాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విరగ్గొడితే చాలనుకోవడం కూడా పొరపాటే. 2003లో కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా వ్యోమనౌక శకలాల్లో కాలి కమిలిన ఒక హార్డ్ డిస్కు దొరికింది. అందులోని ప్రయోగ సమాచారంలో 99 శాతాన్ని నిపుణులు రాబట్టారు. నీళ్లలో పడేసినా పళ్లెం మీది అయస్కాంత రాత చెరగదు. పళ్లేన్ని ముక్కలు ముక్కలు చేయాలి, లేదా బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టాలి. ఎస్‌ఎస్‌డీకి అయస్కాంతం పనికిరాదు, చిప్పులనే నలగ్గొట్టాలి.

తెలంగాణలో దీనికి భిన్నమైన కథ నడిచింది. 2023 డిసెంబరు 3న శాసనసభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మర్నాడు రాత్రి స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో కార్యాలయంలోని హార్డ్ డిస్కులను ధ్వంసం చేసి, ముక్కలను మూసీలో పారేశారన్నది ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసుల ఆరోపణ. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. పోలీసులు మూసీలో వెతికి కొన్ని ముక్కలు బయటికి తీశారు. తప్పొప్పులు తేల్చాల్సింది న్యాయస్థానం. చెరిపివేత ఒకరి గోప్యతను కాపాడే పని కావచ్చు, లేదా ప్రజలకు చెందిన ఆధారాన్ని మాయం చేసే పని కావచ్చునని మాత్రం ఆ కేసు తెలియజేస్తోంది.

చట్టం ఈ రెండిటినీ విడదీస్తుంది. న్యాయస్థానానికి సమర్పించాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును అడ్డుకోవడానికి నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. ఇంకోవైపు, 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం తన సమాచారాన్ని చెరిపించుకునే హక్కును పౌరుడికిస్తుంది, అవసరం తీరిన సమాచారాన్ని చెరపాల్సిన బాధ్యతను తీసుకున్నవారి మీద పెడుతుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పహాణీ, మ్యుటేషను వంటి ప్రభుత్వ రికార్డులకు ఈ చెరిపివేత వర్తించకూడదు. చేత్తో రాసిన పహాణీకి చెల్లుబాటు లేని చోట కంప్యూటర్‌లోని రాత పోతే రైతుకు మిగిలేది ఏమీ ఉండదు. పోవాల్సింది అంగడిలో పడివున్న నకలు మాత్రమే.

అంగడిలో చేయదగింది

2022 నాటి ఆ సూచన బరువును తప్పు భుజం మీద పెట్టిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చెరపాల్సింది ఫైలు తెచ్చిన రైతు కాదు, కంప్యూటర్ ఉన్న యజమాని. దానికి ఖర్చు దాదాపు లేదు. విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్, లేకుంటే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ పెట్టి డిస్కంతటినీ ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు. వన్‌డ్రైవ్ ముడిని విప్పేయాలి. కస్టమర్ల ఫైళ్లన్నీ ఒకే ఫోల్డరులో పడేలా పెట్టుకుని, రాత్రి అంగడి మూసేముందు దాన్ని ఖాళీ చేయాలి. పళ్లెం డిస్కు అయితే వారానికోసారి విండోస్‌లోనే ఉన్న 'సైఫర్' ఆదేశంతో ఖాళీ చోటంతా తుడవాలి. అది మూడు విడతల్లో మీద రాస్తుంది, ఉన్న ఫైళ్ల జోలికి పోదు. కంప్యూటర్‌ను గుజరీకి వేసేముందు పళ్లెం డిస్కు మొత్తాన్ని ఒకసారి సున్నాలతో నింపాలి. పనిచేయని డిస్కును అమ్మకుండా తీసి, దాని పళ్లేలనో చిప్పులనో ముక్కలు ముక్కలు చేయాలి. పెన్ డ్రైవుల్లో చెరిపివేత ఆదేశం సాధారణంగా ఉండదు కనుక రహస్యమైనవి వాటిలో పెట్టకపోవడమే మేలు.

రైతు చేయగలిగింది కూడా కొంత ఉంది. చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ అడిగి తీసుకోవచ్చు. వాట్సాప్‌లో పంపిన ఫైలును 'అందరికీ తొలగించు' అని నొక్కినా అంగడివాళ్లు అప్పటికే దింపుకున్న నకలు పోదు. కాబట్టి ఎదురుగా నిలబడి ఆ ఫైలు తీసేయమని అడగాలి, అడగడానికి మొహమాటపడకూడదు. పావగడలోనూ, అవతలి మడకశిర, హిందూపురాల్లోనూ జెరాక్స్ అంగడి నడిపే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మనవి: ఇవాళ రాత్రి షట్టరు దించేముందు మీ డౌన్‌లోడ్స్ ఫోల్డరు ఒకసారి తెరిచి చూడండి. అందులో ఎన్ని ఇళ్ల కాగితాలు ఉన్నాయో లెక్కపెట్టండి, ఆపైన వాటిని పద్ధతిగా చెరిపేయండి.